గుప్పిట పట్టే చిత్రిక

వడ్రంగి పనిలో చూడముచ్చటగా ఉండేది పెద్ద చిత్రిక పని. రెండు చేతులతో ముందుకు తోస్తుంటే పలక పొడవునా పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది. కానీ పని ముగింపుకి వచ్చేసరికి చేయి వెతుక్కునేది చిన్న చిత్రికనే. సొరుగు వెంట్రుకవాసి బిగుతుగా ఉంటుంది. కుసి గుంటలోకి దిగనని మొరాయిస్తుంది. బల్ల అంచు మరీ పదునుగా ఉండి చేతికి గీసుకుంటుంది. తలుపు పై మూల చౌకట్టుకి రాసుకుంటుంది. ఇలాంటి చోట్ల ఆరంగుళాల పొడవుండి ఒంటి చేత్తో తోయగలిగే ఇనుప చిత్రిక ఉంటే చాలు, తప్పు క్షణాల్లో సర్దుకుంటుంది. అమెరికాలో వీటికి బ్లాక్ ప్లేన్ అని పేరు. నూరేళ్లు దాటినవి కూడా ఇప్పటికీ వర్క్ బెంచీల మీద రోజూ పనిచేస్తున్నాయి. వీటిని పాతవే కొని బాగుచేసుకోవాలని చాలామందికి ఆశ ఉంటుంది గానీ, ఏది కొనాలో, దేన్ని వదిలేయాలో చెప్పేవారు తక్కువ.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. పాత చిత్రిక విలువంతా దాని పోతలో ఉంది. పోత ఇనుముతో చేసిన ఆ ఒళ్లు నిక్షేపంగా ఉంటే తుప్పు వదిలించవచ్చు, బ్లేడు నూరుకోవచ్చు, బిగిసిన మరలు కదిలించవచ్చు. ఒళ్లు పగిలితే మాత్రం ఎంత పేరున్న చిత్రికైనా అలంకారానికే పనికొస్తుంది. ఈ మాట ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ముందు చిత్రిక ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఉలితో చెక్క మీద పొర తీయబోతే ఏమవుతుంది? అంచు లోపలికి దిగగానే నార తెగడం మాని చీలడం మొదలవుతుంది. చీలిక అంచు కన్నా ముందు పరుగెడుతుంది, పెచ్చు లేస్తుంది, చెక్క మీద గుంట మిగులుతుంది. చిత్రిక ఈ ఉలినే ఒక వాలులో కదలకుండా పట్టి ఉంచుతుంది. అడుగు చదునుగా చెక్క మీద కూర్చుంటుంది కాబట్టి, అడుగుకి కిందుగా బయటికి వచ్చిన అంచు ఎంతో అంత లోతే తెగుతుంది. అంతకన్నా ముఖ్యమైనది నోరు, అంటే బ్లేడు బయటికి వచ్చే సందు. ఆ సందు ముందరి పెదవి, అంచుకి సరిగ్గా ముందున్న చెక్కని నొక్కి పట్టి ఉంచుతుంది. చీలిక ముందుకి పరుగెత్తకుండా ఆపేది అదే. నోరు ఎంత సన్నగా ఉంటే నార అంత తక్కువగా చిట్లుతుంది. అడుగు, నోరు, బ్లేడు ఆనుకునే గద్దె ఈ మూడూ ఒకే పోతలో ఉంటాయి. పోత చెడితే చిత్రిక చెడినట్లే అనడానికి కారణం ఇదే.

చిత్రిక చాలా పాత పనిముట్టు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద కప్పబడిపోయిన పాంపే నగరంలో ఇనుప అడుగున్న చిత్రికలు బయటపడ్డాయి. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1514లో చెక్కిన ‘మెలెంకోలియా’ చిత్రంలో నేల మీద రంపం, మేకుల పక్కనే ఒక చిత్రిక పడి ఉంటుంది. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా ఐరోపాలోనూ అమెరికాలోనూ ఎక్కువగా వాడింది చెక్క చిత్రికలనే. మన ఊళ్ల వడ్రంగులు ఇప్పటికీ వాడే చిత్రిక, తెలంగాణలో రందా అనేది, ఈ కుటుంబానిదే. గట్టి చెక్క దిమ్మె, అందులో ఏటవాలు గుంట, అందులో బ్లేడు, దాన్ని బిగించే చెక్క చీల. లోతు పెంచాలంటే బ్లేడు తల మీద చిన్న దెబ్బ, తగ్గించాలంటే దిమ్మె మీద దెబ్బ. చేయి తిరిగినవాడికి అది చాలు. కొత్తవాడికి ఆ దెబ్బ అందడానికి ఏళ్లు పడుతుంది. పైగా చెక్క దిమ్మె వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అడుగు అరిగేకొద్దీ నోరు వెడల్పవుతుంది.

ఈ ఇబ్బందుల్ని పోత ఇనుముతో తీర్చినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు లెనార్డ్ బెయిలీ. 1825లో పుట్టి బోస్టన్‌లో పనిముట్లు చేసిన మనిషి. 1850, 60 దశకాల్లో ఆయన తీసుకున్న పేటెంట్లలో రెండు ఆలోచనలు ముఖ్యమైనవి. బ్లేడుని చీలతో కాక, మీట ఉన్న ఇనుప మూతతో నొక్కి పట్టడం ఒకటి. బ్లేడు లోతుని చేతి వేళ్లతో తిప్పే చక్రంతో మార్చడం రెండోది. కనెక్టికట్ రాష్ట్రం న్యూ బ్రిటన్ పట్టణంలోని స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1869లో ఆయన చిత్రికల వ్యాపారాన్ని కొనేసింది. కొన్నేళ్లకే బెయిలీ అక్కణ్ణుంచి బయటపడి ‘విక్టర్’ పేరుతో సొంతంగా చిత్రికలు చేశాడు. చివరికి ఆ విక్టర్‌ని కూడా స్టాన్లీయే కలిపేసుకుంది. స్టాన్లీలోనే ఉండిపోయిన జస్టస్ ట్రాట్ అనే ఆయన లెక్కకు మిక్కిలి పేటెంట్లతో ఈ చిన్న చిత్రికల రూపాన్ని ఇంకా మెరుగుపరిచాడు.

అప్పట్లో అమెరికాలో ఇళ్లంటే ఎక్కువగా చెక్క ఇళ్లు. గోడ పలకలు, కిటికీ చట్రాలు, మెట్లు అన్నీ చెక్కే. ఇల్లు కట్టే వడ్రంగి నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో పలక పట్టుకుని రెండో చేత్తో అంచు సవరించాలి. నడుముకి కట్టుకున్న గుడ్డ సంచిలో పట్టే చిత్రిక అతనికి కావాలి. అందుకే 1870ల నుంచి ఇవి వేలం వెర్రిగా అమ్ముడయ్యాయి. సార్జెంట్, మిల్లర్స్ ఫాల్స్ వంటి పోటీ కంపెనీలూ ఇవే చేశాయి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నగరం నుంచి రికార్డ్ పేరుతో వచ్చినవీ మంచివే. అంత విరివిగా తయారయ్యాయి కాబట్టే ఈరోజుకీ అక్కడ పాత సామాన్ల సంతల్లో, ఇళ్ల ముందు పెట్టే అమ్మకాల్లో దొరుకుతున్నాయి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో చెక్క పని సరదా ఉన్నవారికి ఇది నిజంగా కలిసొచ్చే సంగతి.

ఇక్కడ కాస్త నిదానంగా చదవాల్సిన విషయం ఒకటుంది. చాలామంది పాత చిత్రికని కొని, వాడి, నిరాశపడేది ఈ లెక్క తెలియకే.

పెద్ద చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలులో ఉంటుంది, నూరిన ముఖం కిందికి తిరిగి ఉంటుంది. చెక్కని తాకే కోణం ఎప్పుడూ 45 డిగ్రీలే, బ్లేడుని ఏ కోణంలో నూరినా సరే. చిన్న చిత్రికలో వ్యవహారం తలకిందులు. బ్లేడు దాదాపు పడుకుని ఉంటుంది, నూరిన ముఖం పైకి ఉంటుంది. మామూలు రకంలో గద్దె వాలు 20 డిగ్రీలు. బ్లేడుని 25 డిగ్రీల్లో నూరితే రెండూ కలిసి 45. అంటే పెద్ద చిత్రికతో సమానం. తక్కువ వాలు రకంలో గద్దె 12 డిగ్రీలే. దానికి 25 కలిపితే 37. ఇంత పల్చని కోణం అడ్డంగా కోసిన చెక్క ముఖానికి, అంటే నార కొసలు బయటికి కనిపించే వైపుకి చాలా బాగా నప్పుతుంది. అక్కడ ఒక్కో నార పోగునీ అడ్డంగా తెగ్గొట్టాలి కాబట్టి అంచు ఎంత పడుకుని ఉంటే అంత తేలిగ్గా తెగుతుంది.

ఇందులో మరో సదుపాయం ఉంది. నూరిన ముఖం పైకి ఉంది కాబట్టి, నూరే కోణం మారిస్తే కోసే కోణమూ మారుతుంది. నార అటూ ఇటూ తిరిగిన చెక్క, ఎదురు నారలో పెచ్చులు లేచే చెక్క ఎదురైతే, ఇంకో బ్లేడుని 35 డిగ్రీల్లో నూరి పెట్టుకోండి. 12 డిగ్రీల గద్దె మీద అది 47 అవుతుంది, 20 డిగ్రీల గద్దె మీద 55 అవుతుంది. నిటారు అంచు నారని చీల్చకుండా గీరినట్టు తీస్తుంది. తోయడానికి బలం ఎక్కువ కావాలి, కానీ ముఖం శుభ్రంగా వస్తుంది. ఒక చిత్రిక, రెండు బ్లేడులు ఉంటే రెండు పనిముట్లు ఉన్నట్టే.

స్టాన్లీ తన చిత్రికలకి పేర్లు పెట్టలేదు, నెంబర్లిచ్చింది. పాత పనిముట్లు కొనేవారంతా ఇప్పటికీ ఆ నెంబర్లతోనే మాట్లాడుకుంటారు. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదట తెలుసుకోవాల్సింది 9½. ఆరంగుళాల పొడవు, 20 డిగ్రీల గద్దె, లోతు మార్చే చక్రం, బ్లేడుని పక్కలకి సరిచేసే మీట, ముందు గుబ్బ వదులు చేసి నోటిని సన్నగానో వెడల్పుగానో చేసుకునే ఏర్పాటు, అన్నీ ఉంటాయి. 1870ల్లో వచ్చి 1980ల మొదటి దాకా, నూరేళ్లకు పైగా తయారైంది. దాని తమ్ముడు 60½. అదీ ఆరంగుళాలదే, కాస్త సన్నం, గద్దె 12 డిగ్రీలు. నా లెక్కలో చిన్న చిత్రికలన్నిటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే. అరచేతిలో చక్కగా కూర్చుంటుంది, అడ్డుకోత ముఖాన్ని అద్దంలా చేస్తుంది.

110 అనే చవక రకం ఒకటుంది. చక్రం లేదు, మీట లేదు, కదిలే నోరు లేదు. బ్లేడుని చేత్తో పెట్టి, మూత బిగించి, చిన్న సుత్తితో తట్టి సరిచేసుకోవాలి. పాత పనిముట్లు సేకరించేవారు దీన్ని పక్కన పడేస్తారు. అది అన్యాయమని నా అభిప్రాయం. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు కాబట్టే అది నమ్మకమైన పనిముట్టు. మన చెక్క చిత్రికని సుత్తి దెబ్బతో సరిచేసే అలవాటున్న వడ్రంగి చేతికి దీన్నిస్తే ఏమీ నేర్పనక్కర్లేదు. ఇంకా చిన్నది 101, మూడున్నర అంగుళాలు, అంగుళం వెడల్పు బ్లేడు. బొమ్మలు, నమూనాలు చేసేవారికి ముద్దుగా పనికొస్తుంది. 75 అనేదానికి ముక్కు పొట్టి, బ్లేడు ఒళ్లంత వెడల్పు ఉంటుంది. అందువల్ల మూలల్లోకి, గాడుల చివరి దాకా వెళ్తుంది. కానీ దాన్ని సరిచేసుకోవడం చాలా కష్టం, మొదటి కొనుగోలుకి వద్దు.

ఇక నెంబరు 1. ఐదున్నర అంగుళాల ఈ చిత్రిక రూపంలో పెద్ద చిత్రికకి అచ్చమైన చిన్న నకలు. సేకరించేవారు దీనికి పెట్టే ధర వింటే కళ్లు తిరుగుతాయి. నకిలీ పోతలూ బజారులో తిరుగుతున్నాయి. దీన్ని అద్దాల బీరువాకి వదిలేసి ముందుకి పోదాం.

ఒంటి మీద అచ్చుపడిన పేటెంటు తేదీ చూసి చిత్రిక వయసు అదేననుకోవడం మామూలు పొరపాటు. పేటెంటు వచ్చిన ఏళ్ల తర్వాత కూడా అదే అచ్చుతో పోతలు పోస్తారు. బ్లేడు మీది ముద్ర కొంత నయం. స్టాన్లీ బ్లేడు మీద గుండె ఆకారంలో ఎస్‌డబ్ల్యూ అక్షరాలుంటే అది 1920 తర్వాతి పదిహేనేళ్ల కాలంది. 1920లో స్టాన్లీ వర్క్స్‌తో కలిసిన తర్వాత వచ్చిన గుర్తు అది. స్టాన్లీ వర్క్స్ అధ్యక్షుడు విలియం హార్ట్ పేరుకి గౌరవంగా ఆ గుండె బొమ్మ పెట్టారు. ఆ కాలపు నాణ్యత మీద చాలామందికి గురి. అయితే బ్లేడులు మార్చుకునే వస్తువులు, ఏ బ్లేడు ఏ ఒంట్లోకి చేరిందో చెప్పలేం.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకోగానే బ్లేడు, మూత ఊడదీసి ఒంటినొక్కదాన్నే వెలుతురులో తిప్పి చూడండి. నోటి చుట్టూ, పక్క గోడలు అడుగుతో కలిసే చోట, మూత బిగించే మర చుట్టూ వెంట్రుకంత గీత ఉందేమో గోరుతో తడమండి. పోత ఇనుము పెళుసు. ఒక్కసారి సిమెంటు నేల మీద పడితే చాలు. పగిలిన చోట ఇత్తడితో అతికించిన మరమ్మతు పసుపు గీతగా కనిపిస్తుంది. నోటి పెదవి ఊడిందా చూడండి. ఊడితే వదిలేయండి, ధర ఎంత తక్కువైనా సరే. కదిలే నోరున్న వాటిలో ముందరి పలక అదే ఒంటిదేనా అని చూడాలి. అడుగుని వేలితో రాస్తే మెట్టు తగలకూడదు.

తర్వాత బ్లేడు. 9½ వంటి వాటి బ్లేడు అడుగున వరుసగా సన్నని అడ్డ గాడులుంటాయి. లోతు మార్చే మీట పల్లు వాటిలో కూర్చోవాలి. వేరే బ్లేడేదో తెచ్చి పెట్టి ఉంటే చక్రం తిప్పినా కదలదు. బ్లేడు పొట్టిదైపోయిందా, అంటే నూరి నూరి అరిగిపోయిందా అన్నదీ చూసుకోవాలి. నల్ల పూత లేచిపోవడం, నికెల్ మెరుపు తగ్గడం, పైపై తుప్పు, ఇవేవీ దోషాలు కావు. ధర తగ్గించడానికి పనికొచ్చే సంగతులు.

ఇంటికి తెచ్చాక తొందరపడి గ్రైండరు దగ్గరికి పోకండి. బిగిసిన మరల మీద కిరోసిన్ చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. మర గాడిలో నిండుగా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, లేకపోతే గాడి చిట్లుతుంది. పైపై తుప్పుకి నూనెలో ముంచిన సన్న ఉప్పుకాగితం చాలు. మరీ పట్టేసిన తుప్పయితే వెనిగర్‌లో కొన్ని గంటలు నాననిచ్చి, తీయగానే వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. మర్చిపోయి రోజుల తరబడి ఉంచితే ఆ పులుపు ఇనుమునే తినేస్తుంది. అడుగున అక్కడక్కడా మిగిలిన తుప్పు గుంటలు పనికి అడ్డు రావు, నోటి పక్కన ఉన్నవి తప్ప. అన్నిటినీ నున్నగా చేయాలని ఇనుమంతా అరగదీయడం పాత వస్తువుకి చేసే అపచారం.

అడుగు చదును చూసుకోవాలంటే మందపాటి గాజు పలక మీద ఉప్పుకాగితం పరచండి. బ్లేడుని లోపలికి లాగి, మూత మాత్రం పనిచేసేటప్పుడు ఉన్నంత బిగుతుగా ఉంచండి, ఎందుకంటే ఆ బిగుతుకి ఒళ్లు కొద్దిగా వంగుతుంది. అడుగున పెన్నుతో గీతలు గీసి నాలుగుసార్లు రుద్దితే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ముక్కు, నోటి చుట్టూ, మడమ, ఈ మూడు చోట్లా తగిలితే చాలు. మధ్యలో పల్లం ఉన్నా నష్టం లేదు.

బ్లేడు విషయంలో బద్ధకం పనికిరాదు. ముందు చదునైన ముఖాన్ని, అంచు దగ్గర సెంటీమీటరు మేర, సానరాయి మీద అద్దంలా తేలేదాకా రుద్దాలి. అంచుకి రెండు ముఖాలు, ఒకటి గరుకుగా ఉంటే అంచే గరుకు. తర్వాత వాలు ముఖం. కోణం కొలిచే సాధనం లేకపోయినా 25 డిగ్రీలు పట్టుకోవచ్చు. వాలు ముఖం పొడవు బ్లేడు మందానికి రెండున్నర రెట్లకి కాస్త తక్కువ ఉంటే లెక్క సరిపోయినట్టే. రెండు మిల్లీమీటర్ల మందానికి నాలుగున్నర, ఐదు మిల్లీమీటర్ల మధ్య. వెనక వైపు సన్నటి పొర మడతపడి వేలికి గరుగ్గా తగిలేదాకా నూరి, ఆ పొరని చదును ముఖం మీద తేలిగ్గా రుద్ది తీసేయాలి. గ్రైండరు వాడక తప్పకపోతే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. పాత బ్లేడులు కార్బన్ ఉక్కువి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే అప్పటికే దాదాపు 300 డిగ్రీల వేడి ఎక్కి పదును నిలిచే గుణం పోయినట్టే. ఆ నీలం మేర అరగదీసేయడం తప్ప మందు లేదు.

మొదటి పరీక్ష మెత్తని చెక్క అడ్డుకోత ముఖం మీద చేయండి. పొడి రాలితే ఇంకా నూరాలి. పొర పొరగా లేస్తే బ్లేడు సిద్ధమైనట్టు. అడ్డుకోత ముఖాన్ని ఒక కొస నుంచి రెండో కొస దాకా ఒకే తోపులో తోయకండి, ఆవలి అంచు చిట్లిపోతుంది. రెండు కొసల నుంచీ మధ్యకి రండి, లేదా ఆవలి వైపు చిల్లర ముక్క ఒకటి ఆనించి బిగించండి. చిత్రికని కాస్త ఏటవాలుగా పట్టుకుని తోస్తే ఇంకా తేలిక. అడుగుకి అప్పుడప్పుడూ కొవ్వొత్తి మైనం రుద్దితే చేతికి శ్రమ సగం తగ్గినట్టుంటుంది. పనయ్యాక నూనె గుడ్డతో తుడిచి పెట్టడం మరవకండి, మన సముద్ర తీరపు గాలికి పోత ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది.

పాతదే ఎందుకు, కొత్తది కొనకూడదా అని అడిగితే, కొనవచ్చు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లీ-నీల్సన్, కెనడాలో వెరిటాస్ పాత స్టాన్లీ రూపాల్నే మరింత నాణ్యంగా, కింద పడినా పగలని ఇనుముతో చేస్తున్నాయి. ధర బాగా ఎక్కువ. మన దేశంలో జలంధర్‌లో తయారయ్యే అనంత్ చిత్రికలు అందుబాటు ధరలో దొరుకుతాయి. అయితే వాటికీ, పాతదానికి చేసినట్టే అడుగు, బ్లేడు సరిచేసుకునే ఓపిక కావాలి. ఆ పని ఎటూ చేయాల్సిందే అయినప్పుడు మంచి పోత ఉన్న పాతది దొరికితే దాన్నే ఎంచుకోమంటాను.

మొదటిసారి కొనేవారు 60½ గానీ 9½ గానీ చూడండి, అవి దొరక్కపోతే 110 తీసుకోండి. ఒక్క మర తగ్గినా బేరం మానుకోండి, ఎందుకంటే పాత స్టాన్లీ మరల చుట్లు ఇప్పటి బజారు మరలతో కలవవు. మీ ఇంట్లో తాతల కాలం నాటి ఇనుప చిత్రిక ఏదైనా అటక మీద ఉంటే, దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన వేసే ముందు ఒక్కసారి కిందికి దించి, పోతలో పగులుందేమో చూడండి.